స్టార్‌లైనర్ గడియారం 11 గంటలు ఎలా తప్పింది? అంతరిక్ష సాఫ్ట్‌వేర్‌కి ఏళ్ళెందుకు పడతాయి?

ప్రశ్న అడిగినవారు హైదరాబాద్‌లో బ్యాకెండ్ డెవలపర్. వారి సందేహం టూకీగా ఇది: "మేము రెండు వారాలకోసారి రిలీజ్ చేస్తాం. స్టార్‌లైనర్ కోడ్ మొత్తం 10 లక్షల లైన్లేనట, మా బిల్లింగ్ సిస్టమే అంతకంటే పెద్దది. బోయింగ్ లాంటి కంపెనీకి దానికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది? అన్నేళ్ళు తీసుకుని కూడా చివరికి టైమ్ తప్పు చదవడమేమిటి? నేను స్పేస్ స్టార్టప్‌లోకి మారదామనుకుంటున్నాను, మారొచ్చా?"

నేను ముందు విమానాల ఫ్లైట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ వెరిఫికేషన్‌లో, తర్వాత ఉపగ్రహాల ఆన్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్‌లో చాలాకాలంగా పనిచేస్తున్నాను. స్టార్‌లైనర్ అంటే నాసా వ్యోమగాములను అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్ళడానికి బోయింగ్ తయారుచేసిన క్యాప్సూల్. ఆ ప్రాజెక్టుతో నాకు సంబంధం లేదు. దాని గురించి ఇక్కడ రాసేదంతా నాసా, బోయింగ్ బహిరంగంగా చెప్పినదే. అభిప్రాయాలు మాత్రం నావి.

ముందుగా ఒక్క మాట. ఈ రంగంలో కోడ్ రాయడానికి పెద్దగా ఆలస్యం కాదు. రాసిన కోడ్ అసలు హార్డ్‌వేర్‌తో, పక్క కంపెనీ రాకెట్‌తో, అంతరిక్ష కేంద్రంతో కలిసినప్పుడు ఎలా నడుచుకుంటుందో చూసుకోవడానికి అవుతుంది. షెడ్యూల్ బిగుసుకున్నప్పుడు మొదట కోతపడేది కూడా ఆ చూసుకోవడమే. స్టార్‌లైనర్ కథ మొత్తం ఇందులోనే ఉంది.

2019 డిసెంబరు 20న కేప్ కెనావరల్ నుంచి అట్లాస్-5 రాకెట్ మీద స్టార్‌లైనర్ పరీక్షగా, మనుషులు లేకుండా అంతరిక్ష కేంద్రానికి బయలుదేరింది. అట్లాస్ తన పని తాను చక్కగా చేసింది. అయితే ఆ రాకెట్ క్యాప్సూల్‌ని పూర్తి కక్ష్యలో వదలదు, కావాలనే కాస్త తక్కువలో వదులుతుంది. ఆ దారిలో కనిష్ఠ ఎత్తు దాదాపు 73 కిలోమీటర్లు, అంటే ఏమీ చేయకపోతే క్యాప్సూల్ తిరిగి వాతావరణంలోకి వచ్చేస్తుంది. ప్రయోగం జరిగిన 31 నిమిషాలకు స్టార్‌లైనర్ తన ఇంజిన్లు తానే మండించి కక్ష్యలో స్థిరపడాలి. ఆ నిమిషం వచ్చింది, వెళ్ళింది. ఇంజిన్లు వెలగలేదు.

ఎందుకంటే తాను బయలుదేరి గంటలు గడిచిపోయాయని స్టార్‌లైనర్ నమ్ముతోంది. మిషన్ మొదలై ఎంతసేపయిందో చెప్పే టైమర్‌ని అది అట్లాస్ దగ్గర నుంచి తీసుకుంటుంది. కౌంట్‌డౌన్ ఆఖరి దశలోకి వెళ్ళాక తీసుకుంటేనే ఆ విలువ సరైనది. స్టార్‌లైనర్ సాఫ్ట్‌వేర్ అంతకంటే చాలా ముందే అడిగేసి, అప్పుడు దొరికిన అంకెనే పట్టుకుంది. తేడా దాదాపు 11 గంటలు. కక్ష్యలో పెట్టే బర్న్ (ఇంజిన్లు మండించే ఘట్టం) ఎప్పుడో అయిపోయిందనుకుని, ఆ తర్వాతి దశకు కావలసిన కచ్చితత్వంతో తన దిశను నిలబెట్టుకోవడానికి థ్రస్టర్లనే చిన్న ఇంజిన్లను అదేపనిగా పేల్చడం మొదలుపెట్టింది. ఇంధనం ఖర్చయిపోతోంది. కింద హ్యూస్టన్‌లో ఉన్నవాళ్ళు ఆదేశాలు పంపుతుంటే రేడియో లింకు సరిగా అందలేదు. ఆదేశం అందేసరికి కేంద్రానికి చేరడానికి కావలసిన ఇంధనం మిగల్లేదు. చేసేదిలేక ఉన్న కక్ష్యలోనే రెండు రోజులు తిప్పి, డిసెంబరు 22న న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్‌లో దించారు.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. మీరు గట్టిగా పట్టుకోవాల్సింది ఆ తర్వాతి సంగతి. అది 2020 ఫిబ్రవరిలో నాసా భద్రతా సలహా మండలి సమావేశంలో బయటపడింది.

టైమర్ దెబ్బ తగిలాక, స్టార్‌లైనర్ ఇంకా పైన తిరుగుతుండగానే, ఇంకేమైనా తప్పులున్నాయేమోనని బోయింగ్ వాళ్ళు కోడ్ తిరగేయడం మొదలుపెట్టారు. ఒకటి దొరికింది. భూమికి తిరిగొచ్చేటప్పుడు మనుషులు కూర్చునే క్యాప్సూల్ నుంచి వెనకనున్న సర్వీస్ మాడ్యూల్ విడిపోతుంది. విడిపోయాక అది తన థ్రస్టర్లను పేల్చుకుని క్యాప్సూల్‌కి దూరంగా జరగాలి. ఏ ఆదేశానికి ఏ థ్రస్టర్ వెలగాలో చెప్పే పట్టిక ఆ దశకు తప్పుగా ఉంది. అలాగే వదిలేస్తే సర్వీస్ మాడ్యూల్ దూరంగా పోయే బదులు తిరిగొచ్చి క్యాప్సూల్‌ని గుద్దుకునే ప్రమాదం ఉంది. వేడిని తట్టుకునే కవచానికి దెబ్బ తగిలి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు. తిరుగు ప్రయాణానికి కొద్ది గంటల ముందు సరిచేసిన సాఫ్ట్‌వేర్‌ని పైకి పంపారు.

మొదటి తప్పు జరగకపోతే రెండోదాన్ని వెతికేవాళ్ళే కాదు. ఎప్పుడు తలచుకున్నా నాకు గుండె ఝల్లుమంటుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: ఇంత చిన్న తప్పు టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదు? అప్పటి స్టార్‌లైనర్ ప్రోగ్రామ్ మేనేజర్ జాన్ మల్హాలండ్ 2020 ఫిబ్రవరి నెలాఖరులో దీనికి నేరుగా జవాబు చెప్పారు. మిషన్‌ని దశలవారీగా విడగొట్టి, ఒక్కో ముక్కని ఎక్కువసార్లు టెస్ట్ చేయడమే మేలని టీమ్ అనుకుంది. ప్రయోగం నుంచి డాకింగ్ (కేంద్రానికి అతుక్కోవడం) దాకా ఏకబిగిన నడిపితే ఒక్కో టెస్టుకు 25 గంటలు పైబడుతుంది. అట్లాస్ తయారుచేసే యునైటెడ్ లాంచ్ అలయన్స్‌తో కలిసి చేసిన టెస్టు, క్యాప్సూల్ రాకెట్ నుంచి విడిపోయే క్షణం దగ్గర ఆగిపోయింది. తర్వాతి దశ టెస్టు టైమర్‌ని సరైన విలువతో మొదలుపెట్టి నడిచింది. రెండు ముక్కలూ పాసయ్యాయి. ఉమ్మడి టెస్టును ఇంకొన్ని నిమిషాలు, ఆ మొదటి బర్న్ దాకా, పొడిగించి ఉంటే ఇంజిన్లు వెలగకపోవడం ల్యాబ్‌లోనే కనబడేది. ఈ మాట మల్హాలండే ఒప్పుకున్నారు. ఖర్చు తగ్గించుకోవడానికి అలా చేయలేదని కూడా అన్నారు. ఆ మాట నేను నమ్ముతాను. ముక్కలుగా విడగొట్టడం ఇంజినీర్లకు సహజంగా వచ్చే ఆలోచన. మీరు కోడ్‌లో ఒక్కో చిన్న భాగాన్ని విడిగా పరీక్షించే యూనిట్ టెస్టులు రాసేదీ అందుకే. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఒక ముక్క చివరి స్థితిని తర్వాతి ముక్కకు అందించే పని మనిషి చేతిలో ఉన్నప్పుడు. తర్వాతి టెస్టును మొదలుపెట్టేవాడు "ఇక్కడికి టైమర్ సరిగ్గానే వచ్చి ఉంటుంది" అనుకుని విలువ నింపుతాడు. తప్పు ఉన్నది ఆ అనుకోవడంలోనే. దాన్ని ఏ టెస్టూ ముట్టుకోదు.

రెండో తప్పుకు కారణం ఇంకా పాఠంలాంటిది. సర్వీస్ మాడ్యూల్ థ్రస్టర్లను నడిపే పెట్టె, అంటే ప్రొపల్షన్ కంట్రోలర్‌తో టెస్ట్ చేయాల్సినప్పుడు అసలు పెట్టె ల్యాబ్‌లో లేదు, దాన్ని ఇంజిన్లను నిజంగా మండించి చూసే హాట్‌ఫైర్ పరీక్షకు పెట్టారు. బదులుగా ఎమ్యులేటర్, అంటే ఆ పెట్టెలా నటించే నమూనా, వాడారు.

ఇది నేను పనిచేసిన ల్యాబ్‌లన్నిటిలో ఏదో ఒక రూపంలో చూశాను కాబట్టి కాస్త విడమరచి చెప్తాను. టెస్ట్ బెంచ్ అంటే పరీక్షలకు వాడే ఒక పెద్ద ర్యాక్. అందులో అసలు ఫ్లైట్ కంప్యూటర్లు, అసలు కేబుళ్ళు, వాల్వులను నడిపే డ్రైవర్ పెట్టెలు ఉంటాయి. పక్కనే ఇంకో కంప్యూటర్ సెన్సార్లకు బదులుగా అంకెలు పంపుతూ "నువ్విప్పుడు ఇంత ఎత్తులో, ఇంత వేగంతో ఉన్నావు" అని వాటిని నమ్మిస్తుంటుంది. అసలు పెట్టెలు కోట్ల ఖరీదు. తయారైనవి రెండో మూడో ఉంటాయి, ఒకటి వాహనంలోకి పోతుంది, ఒకటి వైబ్రేషన్ పరీక్షకు పోతుంది. మిగిలినదాని కోసం సాఫ్ట్‌వేర్ టీము, ప్రొపల్షన్ టీము, ట్రైనింగ్ టీము వరసలో నిలబడతాయి. రాత్రి రెండు గంటల షిఫ్టులో బెంచ్ దొరికితే అదే పదివేలు. తీరా మన వంతు వచ్చేసరికి డ్రైవర్ పెట్టె ఇంకో చోటికి వెళ్ళి ఉంటుంది, దాని కనెక్టర్లు ఖాళీగా వేలాడుతుంటాయి. అప్పుడెవరో "ఎమ్యులేటర్ ఉందిగా" అంటారు. ఉంటుంది. కానీ ఆ ఎమ్యులేటర్‌ని ఎవరు రాశారు, దేన్ని చూసి రాశారు? ఏ ఇంటర్‌ఫేస్ డాక్యుమెంట్ చూసి ఫ్లైట్ కోడ్ రాశారో, దాన్నే చూసి రాశారు. డాక్యుమెంట్‌లో తప్పున్నా, ఇద్దరూ ఒకేలా తప్పుగా అర్థం చేసుకున్నా, కోడూ ఎమ్యులేటరూ ఒకదానితో ఒకటి చక్కగా ఏకీభవిస్తాయి. స్క్రీన్ మీద అన్నీ పచ్చగా కనబడతాయి. లోకంలో ఆ పచ్చరంగును కాదనగలిగేది అసలు పెట్టె ఒక్కటే, అది వేరే ఊళ్ళో ఉంది.

మీ బిల్లింగ్ సిస్టమ్‌కీ దీనికీ తేడా లైన్ల సంఖ్యలో లేదు. మీకు ప్రొడక్షన్ (కస్టమర్లు నిజంగా వాడే సిస్టమ్) ఉంది. తప్పుంటే వందమంది కస్టమర్లలో కనబడుతుంది, వెనక్కి తీసుకుంటారు, సాయంత్రానికి సరిచేస్తారు. అంటే ఆఖరి టెస్టు ప్రొడక్షన్‌లోనే జరుగుతోంది. అంతరిక్ష వాహనానికి ఆ సదుపాయం లేదు. మొదటిసారి అన్నీ కలిసి నిజంగా పనిచేసేది ప్రయోగం రోజునే.

పైగా వెళ్ళేది ఖాళీ చోటికి కాదు, మనుషులున్న అంతరిక్ష కేంద్రానికి. దాని చుట్టూ 200 మీటర్ల వ్యాసార్థంలో ఒక గోళాన్ని ఊహించుకోండి. అందులోకి అడుగుపెట్టాలంటే మీ వాహనం అనుమతించిన దారిలోనే రావాలి, ఎక్కడ ఏది తేడా వచ్చినా తనంతట తాను ఆగగలగాలి, వెనక్కి పోగలగాలి. ప్రాణాంతకం కాగల ప్రమాదాల విషయంలో రెండు వైఫల్యాలు జరిగినా సురక్షితంగా ఉండాలన్నది నియమం. ఒక సెన్సార్ పోయి, అదే సమయంలో ఒక థ్రస్టర్ ఇరుక్కుపోతే ఏం చేస్తుందో చూపించాలి. ఇలాంటి జతలు వందల్లో, వేలల్లో ఉంటాయి. మామూలుగా డాక్ అయ్యే దారికి రాసే కోడ్ కొంచెమే. మిగతాదంతా ఈ "ఒకవేళ"ల కోసం.

2012లో స్పేస్ఎక్స్ డ్రాగన్ కార్గో క్యాప్సూల్ మొదటిసారి కేంద్రానికి వెళ్ళడానికి పదేపదే వాయిదా పడింది. ఏప్రిల్ 30 అన్నారు, మే 7 అన్నారు, తర్వాత మే 19 అన్నారు. చివర్లో పడిన ఆ వాయిదాలకు ప్రధాన కారణం సాఫ్ట్‌వేర్ పరీక్షలు, వాటిని నాసాతో కలిసి సరిచూసుకోవడం. అప్పట్లో పత్రికల్లో విమర్శలొచ్చాయి. మే 19న ఇంజిన్లు వెలిగాక, ఒక ఇంజిన్‌లో పీడనం ఎక్కువగా కనబడి కంప్యూటరే ప్రయోగాన్ని ఆపేసింది. (మన శ్రీహరికోటలో 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షా వాహనం టీవీ-డీ1 ప్రయోగాన్ని 5 సెకన్ల ముందు కంప్యూటర్ ఆపింది, కారణం తేల్చుకుని ఆ ఉదయమే 10 గంటలకు విజయవంతంగా ప్రయోగించారు. ఆరోజు టీవీ చూస్తున్న మా బంధువులు నిరాశపడితే నాకు మాత్రం సంతోషమే కలిగింది. సందేహం వస్తే ఆగిపొమ్మని రాసినవాళ్ళు తమ పని బాగా చేశారని అర్థం.)

డ్రాగన్ మే 22న బయలుదేరి 25న కేంద్రాన్ని సమీపించింది. అప్పుడు ఎవరూ ఊహించని చిక్కొచ్చింది. దూరాన్ని కొలిచే లేజర్ సెన్సార్లకు కేంద్రంలోని జపాన్ ల్యాబ్ కిబో నుంచి అనవసరమైన ప్రతిబింబాలు వచ్చాయి, కొలతలు తికమకపడ్డాయి. డ్రాగన్‌ని వెనక్కి జరిపి, సెన్సార్ చూసే పరిధిని కుదించేలా కింద నుంచి సర్దుబాటు చేసి పంపారు. ఆ తర్వాత మళ్ళీ ముందుకు తెచ్చారు. కేంద్రంలో ఉన్న వ్యోమగామి డాన్ పెటిట్ రోబో చేయితో దాన్ని పట్టుకున్నారు. వాహనం దారి మధ్యలో ఆగి ఎదురుచూడగలగడం, వెనక్కి జరగగలగడం, కింద నుంచి సెట్టింగ్ మార్చగలగడం, వీటిలో ఏదీ ఆరోజు పుట్టింది కాదు. వాయిదాలు పడిన నెలల్లో సరిచూసుకున్న దారులవి. ఆలస్యం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

కంప్యూటర్లన్నీ మూడేసి పెట్టుకుంటే సరిపోదా అని మీరు అడగొచ్చు. డ్రాగన్‌లో ఫ్లైట్ కంప్యూటర్లు ఒకదాని లెక్కను ఇంకొకదానితో పోల్చుకుంటూ పనిచేస్తాయి. రేడియేషన్ దెబ్బకో, హార్డ్‌వేర్ చెడిపోయో ఒకటి తప్పు చెబితే మిగతావి దాన్ని పక్కనపెడతాయి. హార్డ్‌వేర్ వైఫల్యానికి ఇది మంచి మందే. ఒకే కోడ్ అన్నిట్లోనూ ఉంటే, తప్పు ఆ కోడ్‌లోనే ఉంటే, అన్నీ ఏకగ్రీవంగా తప్పు చేస్తాయి.

1996 జూన్ 4న యూరప్ రాకెట్ ఏరియాన్-5 మొదటి ప్రయోగంలో జరిగింది అచ్చంగా ఇదే. దిశను లెక్కగట్టే యూనిట్ సాఫ్ట్‌వేర్‌ని ఏరియాన్-4 నుంచి తెచ్చుకున్నారు. అందులో 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే చోటొకటి ఉంది. ఏరియాన్-4 దారిలో ఆ విలువ ఎప్పుడూ 16 బిట్లలో పట్టే గరిష్ఠం, అంటే 32,767, దాటేది కాదు. ఏరియాన్-5 అడ్డంగా ఇంకా వేగంగా కదులుతుంది, విలువ దాటిపోయింది (దీన్నే ఓవర్‌ఫ్లో అంటారు). ఆ లెక్క రాకెట్ లేచాక అసలు అవసరమే లేదు, పాత రాకెట్‌లో ఉందని దాదాపు 40 సెకన్లపాటు నడవనిచ్చారు. 37వ సెకను సమీపంలో యూనిట్ ఆగిపోయింది. దానికి బ్యాకప్‌గా ఉన్నది అదే కోడ్‌తో, అదే కారణంగా, అంతకు సెకనులో పదోవంతు కూడా కాకముందే ఆగిపోయి ఉంది. రాకెట్ తిరగబడి ముక్కలైంది. నాలుగు క్లస్టర్ శాస్త్ర ఉపగ్రహాలు దాంతోపాటే పోయాయి.

జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన వేసిన విచారణ బృందం నివేదికలో నన్ను కట్టిపడేసేది ఈ ఓవర్‌ఫ్లో కాదు. ఏరియాన్-5 ప్రయాణ మార్గానికి సరిపోయే అంకెలు ఇచ్చి ఆ యూనిట్‌ని భూమి మీదే పరీక్షించవచ్చు, పరీక్షిస్తే దొరికేది అని రాశారు. మొత్తం వ్యవస్థను కలిపి చేసిన సిమ్యులేషన్లలో అసలు యూనిట్‌కి బదులు దాని నమూనా సాఫ్ట్‌వేర్‌ని వాడారు. ఏరియాన్-4లో బాగా పనిచేసింది కాబట్టి మళ్ళీ చూడనక్కర్లేదనుకున్నారు. 1996కీ 2019కీ మధ్య 23 ఏళ్ళు. దేశం వేరు, కంపెనీ వేరు, భాష వేరు. అసలు పెట్టె స్థానంలో నమూనా కూర్చున్న చోటు మాత్రం అదే.

ఇంకో ఉదాహరణ ప్రైవేటు చంద్రయాత్రల నుంచి. జపాన్ కంపెనీ ఐస్పేస్ తన హకుటో-ఆర్ ల్యాండర్‌ని 2023 ఏప్రిల్‌లో చంద్రుడి మీద దించబోయింది. దిగుతూ అట్లాస్ బిలం అంచు దాటగానే కింద నేల ఒక్కసారిగా 3 కిలోమీటర్ల మేర పడిపోయింది. ఎత్తును కొలిచే రాడార్ ఆల్టిమీటర్ సరిగ్గానే చెప్పింది. కానీ అంత హఠాత్తుగా మారిన కొలత తప్పయి ఉంటుందని సాఫ్ట్‌వేర్‌లోని ఫిల్టర్ దాన్ని పక్కనపెట్టి, తన అంచనానే నమ్ముకుంది. నేలకు చేరాననుకునే సమయానికి ల్యాండర్ ఇంకా 5 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. నెమ్మదిగా దిగుతూ దిగుతూ ఇంధనం అయిపోయి కూలిపోయింది. నెల తిరిగేసరికి కంపెనీ కారణాన్ని దాచకుండా ప్రకటించింది, అందుకు వాళ్ళకు నమస్కారం. డిజైన్ సమీక్ష 2021 ఫిబ్రవరిలో ముగిశాక దిగే చోటు మార్చారు. కొత్త చోటి చుట్టూ ఉన్న నేల ఎత్తుపల్లాలు సిమ్యులేషన్లలో సరిగా చేరలేదు. అలాంటి ఫిల్టర్ రాయడం తప్పు కాదు, చెడిపోయిన సెన్సార్‌ని నమ్మకుండా ఉండటానికి అందరం రాస్తాం. దిగే చోటు మారినప్పుడు ఆ ఫిల్టర్‌ని మళ్ళీ ప్రశ్నించాలన్న సంగతి ఎవరి పనుల జాబితాలోనూ లేకపోవడమే దెబ్బతీసింది. ఫిల్టర్ పాతదే, చుట్టూ లోకం మారింది.

స్టార్‌లైనర్ దగ్గరికి మళ్ళీ వస్తాను. నాసా, బోయింగ్ కలిసి వేసిన స్వతంత్ర సమీక్ష మొదట 61 దిద్దుబాట్లు చెప్పింది, 2020 జులై నాటికి మొత్తం 80 సిఫార్సులయ్యాయి. మనుషులు లేని ప్రయాణాన్ని సొంత ఖర్చుతో మళ్ళీ చేస్తామని బోయింగ్ ఒప్పుకుంది, అందుకు 41 కోట్ల డాలర్లు ముందే పక్కన పెట్టింది. కోడ్ మొత్తాన్ని తిరిగి పరిశీలించారు, మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన నడిపే టెస్టులు చేర్చారు. అప్పుడు 25 గంటలు ఎక్కువనుకున్న పనికి ఇన్ని నెలలు వెచ్చించాల్సి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అయినా పట్టుకున్నారు, అది మెచ్చుకోవాలి.

నాసా కూడా తన వాటా తప్పును ఒప్పుకుంది. స్పేస్ఎక్స్ పనితీరు కొత్తది కాబట్టి వాళ్ళ సాఫ్ట్‌వేర్ మీద ఎక్కువ కన్నేసి ఉంచామని, బోయింగ్‌తో దశాబ్దాల అనుబంధం ఉంది కాబట్టి అక్కడ అంత లోతుగా చూడలేదని అధికారి స్టీవ్ స్టిచ్ చెప్పారు. పేరున్నవాళ్ళ పని కాబట్టి ప్రశ్నించలేదన్నమాట. నా అభిప్రాయంలో 80 సిఫార్సులకంటే ఈ ఒప్పుకోలు విలువైనది.

అయితే ఆలస్యాలన్నీ సాఫ్ట్‌వేర్ నెత్తిన వేయకండి. 2021 ఆగస్టులో రెండో ప్రయోగానికి సిద్ధమయ్యాక ఇంధనాన్ని మండించే ద్రవం, అంటే ఆక్సిడైజర్, వెళ్ళే 13 వాల్వులు తుప్పుతో బిగుసుకుపోయాయి. అది 2022 మే 19 దాకా లాగింది. మనుషులతో వెళ్ళేముందు 2023లో పారాచూట్ లింకులు, మంట అంటుకునే టేపు బయటపడ్డాయి. ఇవి వేరే కథ.

2024 జూన్ 5న బుచ్ విల్‌మోర్, సునీతా విలియమ్స్ వెళ్ళినప్పటి సంగతి మాత్రం మీ ప్రశ్నకు దగ్గరిది. హీలియం లీకులు, థ్రస్టర్ల ఇబ్బంది వచ్చాక, క్యాప్సూల్‌ని ఖాళీగా వెనక్కి పంపాలా అన్న చర్చ నడిచింది. 2022లో తనంతట తానే వచ్చిందిగా, ఇప్పుడెందుకు రాదు, సాఫ్ట్‌వేర్ తీసేశారా అని చాలామంది కోపంగా అడిగారు. తీసేయలేదు. ఆ మిషన్‌కు లోడ్ చేసిన డేటా, మనుషులు లోపల ఉంటారని, విడిపోయే సమయంలో థ్రస్టర్లు మొరాయిస్తే వాళ్ళు చేతుల్లోకి తీసుకుంటారని అనుకుని తయారైనది. ఎవరూ లేనప్పుడు ఆ నిర్ణయాలు వాహనమే తీసుకోవాలి. ఆ విలువలు మార్చి, పరీక్షించి, పైకి పంపడానికి కొన్ని వారాలు కావాలని నాసా చెప్పింది. మీ దగ్గర కాన్ఫిగ్ ఫైల్ మార్చడమంటే ఐదు నిమిషాల పని. ఇక్కడ కాన్ఫిగ్ మారితే కొత్త మిషన్ కిందే లెక్క. మారిన విలువలతో విడిపోయే ఘట్టమంతా, రెండేసి వైఫల్యాలతో సహా, మళ్ళీ నడిపి చూడాలి. స్టార్‌లైనర్ సెప్టెంబరులో ఖాళీగా, క్షేమంగా దిగింది. వాళ్ళిద్దరూ 286 రోజుల తర్వాత 2025 మార్చి 18న డ్రాగన్‌లో తిరిగొచ్చారు.

ఇక డబ్బు. 2014లో వ్యోమగాములను కేంద్రానికి చేర్చే పనికి నాసా బోయింగ్‌కి 420 కోట్ల డాలర్లకు, స్పేస్ఎక్స్‌కి 260 కోట్ల డాలర్లకు స్థిర ధర ఒప్పందాలిచ్చింది. స్థిర ధర అంటే ఆలస్యం ఖర్చు కంపెనీదే. పన్ను కట్టేవాళ్ళకు ఇది మంచిది, నేను దానికి వ్యతిరేకిని కాను. కాకపోతే ఇలాంటి ఒప్పందంలో టెస్ట్ బెంచ్‌ని మొదటి ఏడాదే కట్టాలి. ఆఖర్లో కడదామంటే అప్పటికి డబ్బూ ఉండదు, సమయమూ ఉండదు, పైవాళ్ళకు ఓపికా ఉండదు. స్పేస్ఎక్స్ వాళ్ళు తమ టెస్టింగ్ గురించి చెప్పినప్పుడు నాకు బాగా నచ్చింది ఇదే. రాకెట్‌లోని కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్స్ అన్నిటినీ బల్లమీద పరిచి, అదే రాకెట్ అన్నట్టు మిషన్ మొత్తం నడుపుతారు. నడుస్తుండగా మధ్యలో ఒక కంప్యూటర్‌ని కావాలని ఆపేసి మిగతావి ఏం చేస్తాయో చూస్తారు. వాళ్ళు తరచూ సాఫ్ట్‌వేర్ మార్చగలుగుతున్నారంటే ఈ బల్ల పుణ్యమే. వేగంగా రిలీజ్ చేయడం ఈ రంగంలో అసాధ్యమేమీ కాదు. రాత్రి రాసిన మార్పుకు పొద్దున అసలు హార్డ్‌వేర్ జవాబు చెప్పగలిగే ఏర్పాటు ఉండాలి, అంతే.

మారొచ్చా అంటే, మారండి. హైదరాబాద్‌లోనే స్కైరూట్ ఉంది, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ పంపి దేశంలో మొదటి ప్రైవేటు రాకెట్ ప్రయోగం చేసింది. ఇంకా చిన్న కంపెనీలు వస్తున్నాయి. బ్యాకెండ్ అనుభవం వృథా పోదు. టెలిమెట్రీ (వాహనం కిందికి పంపే కొలతలు), గ్రౌండ్ సిస్టమ్స్, టెస్ట్ ఆటోమేషన్‌లో మీలాంటివాళ్ళు చాలా అవసరం. లోపలికి రావడానికి నేనైతే టెస్ట్ ఆటోమేషన్ తలుపే సూచిస్తాను, ఎందుకంటే అక్కడ కూర్చున్నవాడికే వాహనం మొత్తం కనబడుతుంది. సీ, సీ++ మీద చేయి తిప్పుకోండి. ఒక చిన్న బోర్డు కొనుక్కుని, టైమర్లు, ఇంటరప్ట్‌లు, ఓవర్‌ఫ్లో ఎలా ఉంటాయో స్వయంగా చూడండి. కోడ్ చదివినంత శ్రద్ధగా రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ చదవడం అలవాటు చేసుకోండి. "టైమర్‌ను రాకెట్ నుంచి తీసుకోవాలి" అని కనబడితే, "ఎప్పుడు?" అని అడిగే అలవాటు రావాలి.

ఇంటర్వ్యూలో మీరు కూడా వాళ్ళను అడగండి. అసలు హార్డ్‌వేర్‌తో బెంచ్ ఉందా, ఎన్ని ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ టీముకు రోజుకు ఎంతసేపు దొరుకుతుంది, మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా మిషన్‌ని చివరిసారి ఎప్పుడు నడిపారు అని. జీతం ఎంతన్నదానికి ముందే ఇవి అడిగితే తప్పుగా అనుకోరు, మంచి టీమైతే సంతోషిస్తారు కూడా. ఏరియాన్ విచారణ నివేదిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కొన్ని పేజీలే, ఒక సాయంత్రంలో చదివేయొచ్చు. ముందు అది చదవండి. ఎక్కడ అర్థంకాకపోయినా ఆ పేరా నంబరు రాసి అడగండి, వీలైనంత వివరంగా చెప్తాను.